యాదమ్మత్తతో పాత మిల్లు దాకా

నల్లగొండలో ఉదయం ఆరున్నర బస్సెక్కాం, నేనూ మా మేనత్త యాదమ్మా. పెళ్లికి ముందు అత్త ఎల్బీనగర్ అవతల, సాగర్ రోడ్డు పక్కనున్న నూలు మిల్లులో పనిచేసింది. అక్కడ ఆమె పక్కనే నిలబడి నూలు చుట్టిన సరోజినిగారు గుంటూరు వైపు మనిషి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్న రోజులు కదా, ఇల్లమ్మేసి వెళ్లిపోతున్నారని కబురొచ్చింది. పోయేలోపు ఒక్కసారి కళ్లజూడాలని అత్త పట్టుబట్టింది.

వనస్థలిపురం దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు రాస్తారోకో. “ఇగ నడుసుడే, అక్కా” అంటూ పక్క సీటాయన సంచి భుజానికెత్తుకున్నాడు. మేమూ దిగి నడిచాం. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక షేర్ ఆటో దొరికింది.

అత్తకు గుర్తున్నది మిల్లు పొగగొట్టం, చుట్టూ ద్రాక్షతోటలు. ఆటో దిగితే రెండూ లేవు. ఎటు చూసినా ఐదంతస్తుల అపార్టుమెంట్లు, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు, కర్రీ పాయింట్లు, బడి బస్సులు. మిల్లు స్థలం ఇదేనని ఒక వాచ్‌మన్ చెయ్యి చుట్టూ తిప్పి చూపించాడు.

“గింతమంది యాడికెళ్లి ఒచ్చిన్రే?” అంటూ అత్త రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది.

సరోజినిగారిల్లు మూడో వీధిలో ఉంది. తలుపు తీసి అత్తను చూడగానే ఆవిడ ఏడ్చేశారు. హాల్లో కట్టిపెట్టిన అట్టపెట్టెలు. గోంగూర పప్పుతో భోజనం పెట్టి, గొడవలకు భయపడి కొడుకు ఇల్లు బేరం పెట్టాడని చెప్పారు.

“నీకు భయమైతుందా?” అత్త అడిగింది.

“వీధిలో ఎవరూ ఏమీ అనలేదే. అయినా నోరు విప్పి మాట్లాడాలంటే బెరుగ్గా ఉంటోంది.”

సాయంత్రం మమ్మల్ని బస్సెక్కించడానికి చౌరస్తా దాకా వచ్చారు. దీక్షా శిబిరంలో ఒకామె మజ్జిగ ఇచ్చింది. “చాలండి, చల్లగా ఉందండి” అన్నారు సరోజినిగారు. ఆ యాస విని నలుగురు తలలు తిప్పారు. ఆవిడ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

అత్త ఆవిడ భుజమ్మీద చెయ్యి వేసింది. “ఈమె మా మిల్లామె.”

మజ్జిగ ఇచ్చినామె ఇద్దరినీ చూసింది. “మా అమ్మ గూడ గా మిల్లులనే చేసింది. కూసోండ్రి, బస్సులు ఇంక రాలే” అంటూ కుర్చీలు జరిపింది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా బస్సొచ్చే దాకా ముగ్గురూ మిల్లు ముచ్చట్లే చెప్పుకున్నారు. కిటికీ దగ్గరకొచ్చి సరోజినిగారు అత్త చెయ్యి పట్టుకున్నారు. “ఈసారి రెండ్రోజులుండేట్టు రా. ఇల్లు అమ్మొద్దని మావాడికి నేను చెప్పుకుంటాను.”

బస్సు కదిలింది. రోడ్డుకు రెండు వైపులా మేడల మీద మేడలు, వాటిలో ఒక్కొక్కటిగా వెలుగుతున్న దీపాలు. పొద్దున అవి నాకు ఉత్త కట్టడాలు. ఇప్పుడు ఒక్కో కిటికీ వెనక ఎక్కడినుంచో వచ్చి ఇదే మా ఊరనుకున్న మనిషి కనిపిస్తుంటే, ఊరు దాటేదాకా కళ్లు తిప్పుకోలేకపోయాను.