పిడికెడు బియ్యం కేసు

ఆ రోజుల్లో నాకు హత్యలు జరగని ఊరంటే చిన్నచూపు ఉండేది. తప్పు నాది కాదు, నేను చదివే పుస్తకాలది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన పట్టా పరిచి కుప్ప పోసి అమ్మే పాత ఇంగ్లీషు నవలల్లో ఒక రకం ఉండేది. అట్ట మీద ఒక పుస్తకాల కొట్టు, కిటికీలో పిల్లి, పక్కన పొగలు కక్కే టీ కప్పు, వీటన్నిటికీ కింద ఓ మూల చిన్న కత్తి. వాటిలో డిటెక్టివుకి పిస్తోలు ఉండదు, కారు ఉండదు, పోలీసు శాఖతో చుట్టరికం అసలే ఉండదు. పాత పుస్తకాలు అమ్ముకునే ఓ వితంతువో, లైబ్రరీలో పనిచేసే పెళ్ళికాని పిల్లో ఉంటుంది. ఊళ్ళో ఎవరో ఒకరు హత్యకు గురవుతారు (మనకు పెద్దగా బాధ కలగని మనిషినే ఏరి మరీ చంపుతారు). ఇక ఊరు ఊరంతా ఆవిడ దగ్గరికి వచ్చి కూర్చుని, టీ తాగి, కేకు తిని, కడుపులో ఉన్న గుట్టంతా కక్కేసి పోతారు. చివరి అధ్యాయంలో ఆవిడ అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, లేచి నిలబడి, హంతకుడెవరో చెబుతుంది. నాకు నచ్చింది హత్యలు కావని ఇప్పుడు తెలుస్తోంది. అంతమంది వచ్చి కూర్చోవడం నచ్చింది.

అలాంటి పుస్తకాలు ఓ సంచీ నిండా వేసుకుని, వాకాడు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెకి లైబ్రరీ చూసుకునే ఉద్యోగానికి వెళ్ళాను. మాది మనుబోలు దగ్గర వరి పండించుకునే కుటుంబం. ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే ఇద్దరు అడ్డం వచ్చే అలవాటు. అలాంటి ఇంట్లోంచి వచ్చి, రెండు బీరువాలు, ఉప్పుగాలికి తుప్పు పట్టి మూలిగే ఒక ఫ్యాను ఉన్న గదిలో కూర్చున్నాను. పొద్దున పేపరు కోసం కొందరు పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. పేపరు అయిపోగానే నా వైపు ఓసారి తలూపి లేచిపోయేవాళ్ళు. పేపరు తాత అని నేను పేరు పెట్టుకున్న ఒకాయన మాత్రం ప్రకటనలు కూడా చదివి లేచేవాడు. తర్వాత రోజంతా నేనూ ఫ్యానూ. నవలల్లోలాగే ఉండాలని ఒక ఫ్లాస్కు కొని టీ పోసి పెట్టేదాన్ని, డబ్బాలో బిస్కెట్లు సర్దేదాన్ని. ఎవరైనా వచ్చి కూర్చుని ఓ గుట్టు చెప్పకపోతారా అని ఆశ. ఎవరూ రాలేదు. బిస్కెట్లు సముద్రపు గాలికి మెత్తబడిపోతే నేనే తినేసేదాన్ని. ఫోను సిగ్నలు అందాలంటే ఇసుకదిబ్బ ఎక్కాలి. కొన్ని రోజులు సాయంత్రం దాకా ఒక్క మాటా మాట్లాడకుండా గడిచిపోయేవి. తీరా ఎవరైనా పలకరిస్తే గొంతు పెగిలేది కాదు.

పలకరించే ఆ ఒక్క మనిషీ నేను అద్దెకున్న ఇంటావిడ. ఊళ్ళో అందరిలాగే నేనూ పెద్దమ్మా అనేదాన్ని. భర్త పోయాడు, కూతురు గూడూరులో కాపురం చేసుకుంటోంది. తెల్లచీర, గోడ మీద సిలువ, ఆదివారం మందిరం, వారంలో ఒక మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక, ఇదీ ఆవిడ లోకం. ముందు గది నాది, వంటగది ఇద్దరిదీ. "ఇద్దరం రెండు పొయ్యిలు ఎలిగించేది ఏంది పాపా, గ్యాసు దండగ. నువ్వు బియ్యం తెచ్చుకో, కూర నేను చేస్తా" అన్నది మొదటి రోజే. మా అమ్మ మా పొలం బియ్యం ఓ మూట బస్సులో వేయించింది. వంటగదిలో ఆవిడ బియ్యం డబ్బా, నా బియ్యం డబ్బా పక్కపక్కనే ఉండేవి. రెండింట్లోంచీ తీసి ఒకే గిన్నెలో వండేది. సాయంత్రం నేను గడప ఎక్కగానే "తిందువు రా పాపా" అనేది. ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర, చారు. ఆవిడ ప్రార్థన చేసుకునేదాకా నేను కంచం ముందు ముద్ద కలపకుండా కూర్చునేదాన్ని. తిన్నాక ఆవిడ త్వరగా పడుకునేది, నేను నా హంతకుల దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

కేసు మా అమ్మ వల్ల మొదలైంది. ఓ సాయంత్రం ఇసుకదిబ్బ మీద నిలబడి, బియ్యం సగానికి వచ్చాయని చెప్పాను. "అప్పుడే సగమైపోయినాయా? నువ్వొక్కదానివే తింటుండావా, ఊరికంతా పెడుతుండావా?" అంది అమ్మ. (సముద్రపు గాలికి నేను ఇంట్లో తినేదానికి రెండింతలు తింటున్నానన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.) దిబ్బ దిగేటప్పుడు నా గుండె కొట్టుకున్న తీరు దుఃఖం వల్ల కాదు, ఉత్సాహం వల్ల. ఇన్నాళ్ళకి ఈ ఊళ్ళో ఒక నేరం జరిగింది!

మర్నాడే పరిశోధన మొదలుపెట్టాను. ముందు డబ్బాలో బియ్యాన్ని చదును చేసి, వేలితో చిన్న ముగ్గు గీశాను. సాయంత్రానికి ముగ్గు లేదు. దొంగ దొరికినట్టే అనుకున్నాను. వంటకి తీస్తే ముగ్గు ఎలాగూ చెరిగిపోతుందని నాకు రెండు రోజుల తర్వాత వెలిగింది. తర్వాత అడుగుజాడల కోసం వంటగది గడప దగ్గర ముఖానికి రాసుకునే పౌడరు చల్లాను. మంచినీళ్ళ కోసం నేనే లోపలికి వెళ్ళి వచ్చాను కాబట్టి దొరికిన అడుగులన్నీ నావే. ఆ తర్వాత పెద్దమ్మ వచ్చి, "పాపా, పౌడరు ఒలకబోసుకున్నట్టుండావే, తుడిచేసినాలే" అంది. సాక్ష్యాలు మాయం చేస్తోందని నా అనుమానం ఇంకాస్త బలపడింది. పుస్తకాల్లో డిటెక్టివుకి మనసులో మాట చెప్పుకోవడానికి ఒక నేస్తం ఉంటుంది. నాకు పేపరు తాతే గతి. పేర్లు చెప్పకుండా సంగతి వివరించాను. ఆయన పేపరు దించకుండానే, "దొంగ అనేవాడు మూట ఎత్తకపోతాడు గానీ రోజుకింత తీసకపోతాడా పాపా? వాడికేం పనీ పాటా లేదా?" అన్నాడు. తాతకి నేర మనస్తత్వం తెలియదని జాలిపడ్డాను.

చివరికి ఓ పొద్దున తలనొప్పి అని పడుకుని, పెద్దమ్మ వంటగదిలోకి వెళ్ళాక తలుపు సందులోంచి చూశాను. ఆవిడ నా డబ్బాలోంచి వంటకి బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. మళ్ళీ డబ్బాలో చెయ్యి పెట్టింది. పిడికెడు తీసింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి (దొంగిలిస్తూ లెక్క కూడా వేసుకుంటోంది అనుకున్నాను). తర్వాత గ్యాసు బండ వెనక గుడ్డ తెర తొలగించి, అక్కడ దాచిన ఓ పాత పాలపొడి డబ్బాలో ఆ బియ్యం పోసి మూత పెట్టింది.

నా అనుమానం నిజమైన ఆ క్షణంలో గర్వపడాల్సింది. కానీ పక్క మీదికి వెళ్ళి, దుప్పటి తల మీదుగా కప్పుకుని ఏడ్చాను. పిడికెడు బియ్యం గురించి కాదు. ఈ ఊళ్ళో నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషి కూడా నా బియ్యం కోసమే అడుగుతోందా అన్నది నా బాధ. ఆవిణ్ణి నిలదీస్తే ఆ "తిందువు రా పాపా" కూడా పోతుంది. ఊరుకుంటే రోజూ ఆ మాట వింటూ లోపల అనుమానపడుతూ బతకాలి. ఎలా చూసినా ఒంటరిగా మిగిలేది నేనే. పుస్తకాల్లో డిటెక్టివులకి ఈ చిక్కు ఎందుకు రాదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆలోచించి ఒక మధ్యేమార్గం కనిపెట్టాను. ఆ వారం కూడిక మా ఇంట్లోనే కాబట్టి, నేను ఎవరినీ పిలవనక్కర లేకుండానే ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకే గదిలో కూర్చుంటారు. అచ్చం చివరి అధ్యాయంలాగా. నేను లేచి, పేరు చెప్పకుండా సంగతి మాత్రం చెబుతాను. పెద్దమ్మ ముఖం చూస్తాను. ఆ ముఖంలో తప్పు చేసిన గుర్తు కనిపిస్తే చాలు, ఎవరికీ తెలియకుండా నేనే క్షమించేస్తాను. (అంత ఉదారంగా ఉండగలనని నా మీద నాకే ముచ్చటేసింది.)

మధ్యాహ్నం లైబ్రరీ మూసి ఇంటికొచ్చేసరికి చాపల మీద జనం నిండారు. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరుగారి భార్యని అందరూ పాస్టరమ్మ అంటారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే చెప్పండమ్మా" అంది. దేవుడు తమ జీవితంలో చేసిన మేలును నలుగురి ముందూ చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అంతకంటే మంచి అదను దొరకదని గోడ పక్క నుంచి లేచి నిలబడ్డాను. గదంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. పెద్దమ్మ కళ్ళు అప్పుడే చెమర్చాయి. తప్పు చేసిన గుర్తు అనుకున్నాను.

"ఈ ఇంట్లో కొన్నాళ్ళుగా ఒక పని జరుగుతోంది" అని మొదలుపెట్టాను, గొంతు వీలైనంత గంభీరంగా పెట్టి.

"స్తోత్రం!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

నేను ఉలిక్కిపడి, మళ్ళీ కూడదీసుకున్నాను. "ఎవరూ చూడటం లేదని అనుకుంటున్నారు. కానీ నేను చూశాను. నా కళ్ళతో చూశాను."

"హల్లెలూయా! చెప్పు బిడ్డా, చెప్పు!"

"నిండుగా ఉండాల్సిన డబ్బా..."

"నింపుతాడమ్మా! ఆయనే నింపుతాడు!" అంటూ ముందు వరుసలో ఒకావిడ చేతులెత్తేసింది. వెనక ఎవరో పాట అందుకున్నారు. నా నేర పరిశోధన ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది. నోరు తెరుచుకుని నిలబడ్డాను. పుస్తకాల్లో డిటెక్టివు మాట్లాడేటప్పుడు అందరూ నోరు మూసుకుని వింటారు, చప్పట్లు కొట్టరు.

పాట ఆగాక పాస్టరమ్మ, "పాప నోట డబ్బా మాట రానే వచ్చింది. నెలాఖరు గదా, పిడికిలి బియ్యం తేమ్మా" అంది పెద్దమ్మతో. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి, గ్యాసు బండ వెనక దాచినదాన్ని పట్టుకొచ్చింది. ఒకటి కాదు, రెండు పాలపొడి డబ్బాలు. అందరి ముందూ మూతలు తీసింది. నాకేమీ అర్థం కావడం లేదని నా ముఖం చెప్పేసిందేమో, పక్కనున్న ఒకావిడ, "మేము అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా, ఇంట్లో మనిషికి పిడికెడు చొప్పున తీసి పక్కన పెడతాం పాపా. నెలాఖరికి మందిరానికి ఇస్తాం. పొయ్యి ఎలగని ఇళ్ళకి పోతాయి అవి" అని చెప్పింది.

"ఈ ఇంట్లోంచి మందిరానికి వచ్చేది నువ్వొక్కదానివే గదా, రెండు డబ్బాలేంది?" అని పాస్టరమ్మ అడిగింది.

"ఇది నాది. అది మా పాపది" అంది పెద్దమ్మ. నా వైపు భయపడుతూ చూసింది. "వాళ్ళు మన మందిరానికి వచ్చేవాళ్ళు కాదు, అడిగితే ఏమనుకుంటాదో అని పాపని అడగలా. వాళ్ళ బియ్యంలోంచే తీసినా, తప్పో ఒప్పో. ఇంట్లో ఇద్దరం ఉండి, నా ఒక్కదాని పేరన ఎట్టా తీసేదమ్మా? తీసేటప్పుడు పాప పేరు చెప్పి, ఒక్కటే ఉండాది తండ్రీ, కనిపెట్టుకో అంటా. అంతే."

అప్పటికీ నేను నిలబడే ఉన్నాను. నా మాట ఇంకా పూర్తికాలేదని అందరూ ఎదురు చూస్తున్నారు. "అదే. అదే నేను చూశాను" అని చతికిలబడి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. అంతకంటే మంచి సాక్ష్యం ఆ ఊళ్ళో ఎన్నడూ వినలేదట. పాస్టరమ్మ నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, వాళ్ళ కష్టాలూ కోడళ్ళ సంగతులూ చెప్పుకున్నారు. వద్దన్నా ఆగకుండా, గుట్టంతా.

అందరూ వెళ్ళాక పెద్దమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ గోడ పట్టుకుని మరీ నవ్వింది. "నన్నా? ఓరి నాయనో! నేను బియ్యం దొంగనా?" నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నీకింత తెలివి నేర్పిన ఆ పుస్తకం ఏందో నాకూ చదివి చెప్పు" అంది. ఆ రోజు నుంచి అన్నం తిన్నాక నేను చదివి, తెలుగులో చెప్పేదాన్ని, ఆవిడ చింతపండు గింజలు తీస్తూ వినేది. అయితే ఆవిడతో కథ సాగేది కాదు. ఎవరి మీద అనుమానం వచ్చినా, "అయ్యో, వాడికీ ఒక తల్లి ఉంటాది గదా పాపా, వాడి కోసం ఒక మాట ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూసుకునేది. హంతకుడు దొరికిన రోజు ఆవిడకి అన్నం సయించేది కాదు. "పోలీసులకి పట్టించే ముందు, ఆ పిల్ల వాడికి కాస్త టీ అయినా ఇచ్చిందా?" అని అడిగింది ఓసారి. మళ్ళీ వెనక పేజీలు తిరగేసి చూశాను. ఇవ్వలేదు.

తర్వాత ఆ ఉద్యోగం మారింది. పెద్దమ్మ గూడూరు కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నెల్లూరులో నేనుండే అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటు వాళ్ళకి నా పేరు తెలియదు, వాళ్ళ పేరు నాకూ తెలియదు. పుస్తకాలు ఇప్పుడూ అవే చదువుతాను. నాలుగో అధ్యాయానికే హంతకుణ్ణి కనిపెట్టేస్తాను, అనుభవం కదా. అందరూ ఒక గదిలో చేరి, డిటెక్టివు లేచి నిలబడే చోటికి వచ్చేసరికి మాత్రం కాసేపు ఆగిపోతాను. ఆ ఊళ్ళో తనకంటూ ఎవరూ లేరని రుజువు చేయడానికి అంత కష్టపడి, అంతమంది ముందు కేసు ఓడిపోయిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఒక్కదాన్నే పైకి నవ్వేస్తాను. ఆ నవ్వు ఆగాక ఇల్లు ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది.