బావ బాగుచేసిన ఆంప్లిఫయర్

...అందుకే చెప్తున్నాను, మీరెప్పుడైనా మా ఇంటికొస్తే ముందుగదిలో నేల చూసుకుని నడవండి. గుమ్మం పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. దాన్ని తప్పించుకుని రెండడుగులు వేశారంటే కాళ్లకి వైర్లు తగులుతాయి. తగిలితే మా బావ లోపల్నించి పరుగెత్తుకొస్తాడు. మీకు దెబ్బ తగిలిందా అని అడగడు. నేల మీద ఏ డబ్బా ఎంత జరిగిందో చూసుకుంటాడు. మా అక్క ఆయన్ని చేసుకుని ముప్ఫై ఒక్క ఏళ్లయింది, ఇప్పటికీ ఆ గదిలో పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది.

బావ లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో లిఫ్టు ఆగిపోతే ఈయన్ని పిలుస్తారు. పని ముగించుకుని ఇంటికొచ్చినా ఆ లిఫ్టు ఈయన్ని వదలదు. అన్నం తింటూ తింటూ ఆగి, నాలుగో అంతస్తులో మోటారు ఇలా గుయ్యిమంటోంది అని ముక్కుతో వినిపిస్తాడు. మేం మెచ్చుకోవాలి. ఒక్కచోట పది నిమిషాలు కుదురుగా కూర్చున్న మనిషి కాదు. కంచం చేత్తో పట్టుకుని తిరుగుతాడు. నిద్రలో కూడా కాలి బొటనవేలు ఆడుతూనే ఉంటుందని అక్క చెప్తుంది.

ఖాళీ దొరికితే గిటారు. నలుగురు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు, ఎవరు పిలిస్తే వాళ్ల హాల్లో వాయిస్తారు. బ్యాండులో ఈయన పేరు "ఇంకొంచెం". జనం వచ్చి కూర్చున్నాక, అందరూ సిద్ధమయ్యాక కూడా ఈయన వంగి ఏదో ఒక నాబ్ తిప్పుతూ ఇంకొంచెం, ఇంకొంచెం అంటాడట. ఆ పేరు పెట్టింది పాడే ఆవిడ. బడిలో పాఠాలు చెప్తుంది కాబట్టి మేమంతా టీచరమ్మ అంటాం.

ఆయన సామాను సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నాకు చదువు పెద్దగా లేదు, పాతికేళ్లకు పైగా పక్కన కూర్చుని బట్టలు కుడుతూ విన్నదే చెప్తాను. గిటారు తీగ మీటితే వచ్చే చప్పుడు నిజానికి చాలా చిన్నది. అది వైరులోంచి ముందు పెడళ్లలోకి వెళ్తుంది. పెడల్ అంటే కాలితో నొక్కే ఇనప డబ్బా, సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది. బావకి మూడున్నాయి. ఒకటి గొంతుని గరుకు చేస్తుంది. ఒకటి తొక్కేకొద్దీ పసిపిల్లలా ఏడుస్తుంది. మూడోది అన్నమాటే మళ్లీ మళ్లీ అంటుంది, మా అక్కలాగ. అక్కడ్నించి ఆంప్లిఫయర్లోకి. అదొక బరువైన చెక్కపెట్టె. వెనక చూస్తే వెనకటి రేడియోల్లో ఉండే గాజు ట్యూబులు వరసగా, లోపల నిప్పుకణికల్లా ఎర్రగా. అవి వేడెక్కేదాకా మాట్లాడదు. చివర స్పీకరు, అంటే నల్లటి కాగితపు గిన్నె. చప్పుడు బయటికొచ్చేది అందులోంచే.

వీటిని ఏ వరసలో కలపాలన్నదే ఆయన విద్య అంతా. గరుకు చేసేది ముందుండాలి, మళ్లీ మళ్లీ అనేది వెనకుండాలి. తిరగేస్తే అంతా ముద్దయిపోతుంది. నేను అంచు కుట్టకముందే ఇస్త్రీ చేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. గరుకుడబ్బాని మరీ ఎక్కువ తిప్పేవాళ్లంటే ఆయనకి ఒళ్లుమంట. పెడల్ అరవకూడదట, అది వెనకనించి తోయాలట, ట్యూబులే అరవాలట. అలా వచ్చిన చప్పుడు గుండె మీద చెయ్యేసినట్టుంటుంది. అది మాత్రం నిజమే, నేనూ ఒప్పుకుంటాను.

ఇక జరిగింది వినండి. ఇరవై రెండేళ్ల కిందట వీళ్లు ఒక క్యాసెట్టు చేశారు. అందులో టీచరమ్మ సొంతంగా కట్టిన పాట ఒకటుంది. ఎవరో రేడియో నాటకాలు తీసే ఆయన చెవిలో ఆ పాట పడింది. తన నాటకానికి మొదటి పాటగా అదే కావాలన్నాడు. క్యాసెట్టేమో సగం నలిగిపోయింది, కాబట్టి మళ్లీ రికార్డు చేయాలి. టీచరమ్మ ఆ కబురు మోసుకుని మా ఇంటికి వచ్చింది. పన్నెండు రోజుల్లో స్టూడియో అంది. పాట ఎలా పాడినా ఫర్వాలేదట, గిటారు మాత్రం క్యాసెట్టులో ఉన్నట్టే ఉండాలట. కుదరకపోతే స్టూడియోలో ఒక గిటారాయన ఉన్నాడు, కంప్యూటర్లో వంద ఆంప్లిఫయర్ల గొంతులు పెట్టుకుని, ఆయనే వాయిస్తాడు.

బావ నవ్వాడు. "నా చప్పుడు నా దగ్గర లేకుండా ఎక్కడికి పోతుంది టీచరమ్మా?" అన్నాడు.

ఎక్కడికి పోయిందో ఆ సాయంత్రమే తెలిసింది. అంతకు నెల ముందే ఆయన ఆ ముసలిపెట్టెని మొత్తం విప్పి బాగుచేశాడు. ట్యూబులన్నీ మార్చాడు, దుమ్ము దులిపాడు, పాత స్పీకరు తీసేసి కొత్తది బిగించాడు. మాకు వినిపించి మరీ గర్వపడ్డాడు. తలంటుకుని తల దువ్వుకున్నట్టుంది అని నేనంటే పొంగిపోయాడు. ఇప్పుడు క్యాసెట్టు పెట్టి, దాంతోపాటు వాయించి చూస్తే ఆ తల దువ్వుకున్నదే తంటా తెచ్చింది. క్యాసెట్టులో గొంతు రాత్రంతా ఏడ్చి పొద్దున మాట్లాడే మనిషిది. ఈయన వాయిస్తున్నది ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినవాడిది.

మొదలైంది. నేల మీద సుద్దముక్కతో గీతలు. ఈ పెడల్ ఇక్కడ, ఆ పెడల్ అక్కడ, నాబ్ ఏ గీత దగ్గరుందో పక్కన అంకెలు. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఒక గంట, వచ్చాక బూట్లు విప్పకుండానే రెండు గంటలు. తీసేసిన పాత ట్యూబులు డబ్బాలో దాచి ఉంటే మళ్లీ ఒక్కొక్కటే పెట్టి చూశాడు. కొంచెం దగ్గరికొచ్చింది, మళ్లీ పోయింది. నాలుగో రోజుకి నా కుట్టు తప్పడం మొదలైంది. ఆయన ఒకే ముక్క నలభైసార్లు వాయిస్తుంటే నా కాలు ఆ తాళానికే మిషను తొక్కుతోంది. ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టాను. అక్క పోస్టాఫీసు నించి వచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడేది, లోపలికి రావాలా వద్దా అన్నట్టు.

ఎనిమిదో రోజు పనికి సెలవు పెట్టాడు. అక్కకి కోపం వచ్చింది. పాటకేం, ఎవరు వాయిస్తే ఏంటి, జనం గిటారు వినరు, పాట వింటారు అంది. బావ కొంతసేపు గదంతా తిరిగి వచ్చి, అక్క ముందు ఆగి నెమ్మదిగా అన్నాడు.

"ఇన్నేళ్లు ఎవరైనా నన్ను గుర్తుపట్టింది ఆ చప్పుడుతోనే. నా మొహం చూసి ఎవరూ గుర్తుపట్టలేదు. అదీ ఇంకొకడు వాయిస్తే నేనింక లిఫ్టులు చూసుకోవడమేగా."

అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తొమ్మిదో రోజు నేను లంగాకి లైనింగు కత్తిరిస్తున్నాను. క్యాసెట్టు తిరుగుతోంది. లావు తీగ మీటినప్పుడల్లా దాని చివర్న జిర్రుమని ఒక చిన్న రేకు చప్పుడు వినిపించింది. గిటారుది కాదది. నా చేతిలో గుడ్డ కూడా అలాగే చప్పుడు చేస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ క్యాసెట్టు చేయడానికి ముందు ఏదో హాల్లో మైకు స్టాండు పడి స్పీకరు కాగితం చిరిగింది. ఈయన ఏడుపు మొహంతో వస్తే నేనే లైనింగు గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి జిగురుతో అతికించాను. ఒక అంచు సరిగ్గా అంటుకోలేదు కూడా. తర్వాత చేద్దాంలే అనుకుని వదిలేశాం.

"బావా, నేను అతికించిన గుడ్డ ఏమైంది?" అన్నాను.

ముందు విసుక్కున్నాడు. తర్వాత క్యాసెట్టు వెనక్కి తిప్పి విన్నాడు. మళ్లీ తిప్పాడు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ మనిషి కదలకుండా నిలబడడం చూశాను. బాగుచేయడమే ఆయన చేసిన తప్పు. లిఫ్టులో చప్పుడొస్తే బాగుచేసి తీరాలి, ఆ అలవాటే ఇక్కడా చూపించాడు. రోగం అనుకుని తీసి పారేసిందే దాని గొంతు.

ఆ పాత స్పీకరుని నెల కిందటే పాత సామాన్లవాడికి ఇచ్చేశాడట. వెంటనే సైకిలేసుకుని పోయాడు. వాడు దాని అయస్కాంతం పీకి అమ్మేశాడట, కాగితం చెత్తలో పోయిందట. బావ తిరిగొచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కొత్త స్పీకరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీ బ్లేడు ఇవ్వు."

"కొత్తదాన్ని కోస్తావా?"

"నేను కొయ్యలేను. నువ్వు కొయ్యి."

"పాడైపోతే నన్ననొద్దు."

"అంటాను. అయినా కొయ్యి."

ఒక వేలు పొడవున కోశాను. వాయించి చూశాడు, ఇంకొంచెం అన్నాడు. ఇంకో అర వేలు కోశాను. గుడ్డ అతికించి ఒక అంచు కావాలనే వదిలేశాను. జిగురు ఆరేదాకా విసనకర్రతో విసురుతూ దాని చుట్టూ తిరిగాడు. ఆరాక వాయించాడు. పాతది కాదు. కానీ తల దువ్వుకున్నదీ కాదు. గరుకుడబ్బాలో గరుకుని బాగా తగ్గించి దాని వాల్యూము పెంచి తోస్తే, ట్యూబులు మూలిగి, ఆ చివర్న గుడ్డ రెపరెపలాడింది. అక్క వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి విని, ఏమీ అనకుండా వెళ్లింది. అక్క ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

స్టూడియోకి నేనూ వెళ్లాను, ఆ పెట్టె ఒక వైపు ఎవరైనా పట్టుకోవాలి కదా. ముందు బావ వాయించాడు. తర్వాత రికార్డు చేసే ఆయన, ఎందుకైనా మంచిదని, తన గిటారాయనతో కూడా వాయించి పెట్టుకున్నాడు. ఆయన వాయించింది క్యాసెట్టుకి అచ్చు గుద్దినట్టుంది, ఆ జిర్రుమనడంతో సహా. బావ మొహం మాడిపోయింది. టీచరమ్మ ఇద్దరిదీ విని బావ వైపు తిరిగింది.

"అన్నయ్యా, మీది పాత గొంతు కాదు. కానీ మీరు వాయిస్తుంటే నా వెనకాల ఎవరో నిలబడ్డట్టుంది. ఆయనది వింటే క్యాసెట్టు పక్కన నిలబడ్డట్టుంది. నాకు మీదే కావాలి."

నాటకం ఆయనకి నేను చెప్పుకుంటానని టీచరమ్మ అనేసరికి రికార్డు చేసే ఆయన కూడా సరే అన్నాడు. అక్కడితో అయిపోవాలి కదా. మా బావేమో, నేను ఇంకోసారి విని సరే అనేదాకా నాది బయటికి పంపకండి, ఒట్టు అన్నాడు. వాళ్లు ఒప్పుకున్నారు. శనివారం సాయంత్రం అయిదింటిలోపు వచ్చి విని సరే అంటే బావది, రాకపోతే రెండోది వెళ్తుంది. ఫోన్లో చెప్పినా చాలన్నారు. వినకుండా ఎలా చెప్తాను అన్నాడు ఈయన.

గురువారం బయల్దేరాడు. దారిలో ఒక లిఫ్టు ఆగిందని ఫోనొస్తే అటు పోయాడు. శుక్రవారం బయల్దేరి, బస్టాపు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. ఆ అంచు ఇంకో గోరంత వదిలి ఉండాల్సింది కదా మరదలా అని అడిగాడు. నేను కత్తెర చూపించి, ఇంకోమాట అంటే నీ చెవులు కత్తిరిస్తానన్నాను. అక్క అయితే, నువ్వే ఫోన్ చేసి ఆయన సరే అన్నాడని చెప్పెయ్యి అని నా చెవిలో అంది. ఫోన్ తీశాను కూడా. అదేం న్యాయమో, నా నోరు రాలేదు. చప్పుడు ఆయనది, సరే కూడా ఆయనే అనాలి.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం రెండింటికి అక్క ఆయన చేతిలో బస్సు చిల్లర పెట్టి, గుమ్మం దాకా తోసి తలుపేసింది. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను, సందు చివరిదాకా తిన్నగానే నడిచాడు.

నాలుగింటికి ఫోన్ చేశాడు. స్టూడియోలో ఉన్నావా అంటే, ఇది విను అన్నాడు. టప్ టప్ టప్ అని ఏదో కాగితం మీద వేలితో కొట్టిన చప్పుడు. పాత సామాన్లవాడి కొట్లో ఉన్నాడు. అచ్చం అలాంటి పాత స్పీకరే ఇంకొకటి దొరికిందట, దీనికి చిరుగు దానంతటదే ఉందట, మనం కొయ్యక్కర్లేదట.

"బావా, అయిదింటికి."

"అటే వెళ్తున్నా. ఇది ఇంట్లో పడేసి వెళ్తా."

ఇల్లు ఒక వైపు, స్టూడియో ఇంకో వైపు. ఇప్పుడు టైము అయిదుకి ఇరవై తక్కువ. అక్క గుమ్మంలో నిలబడి సందులోకి చూస్తోంది. మిషను మీద నా ఫోన్ మోగుతోంది, టీచరమ్మ.