కిందింటి ఆంటీ చలివేంద్రం

కిందింటి ఆంటీ పోయారు. పోయిన నెల ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, సోఫాలో నడుం వాల్చి, ఇంక లేవలేదు. గుండె ఆగిందన్నారు. అమ్మ నా కాలేజీ డార్మ్‌కి ఫోన్ చేసి చెప్పింది. అది హాల్లో అందరికీ కలిపి ఉన్న ఒక్క ఫోను. నా వెనక ఇద్దరు పిజ్జా ఆర్డర్ చెయ్యడానికి నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు ఏడవడానికి మొహమాటం వేసి "ఓకే, ఓకే, థాంక్యూ" అని పెట్టేశాను. చావు కబురు చెప్పిన తల్లికి థాంక్యూ చెప్పిన ఘనత నాది. మొహమాటం మా వంశానికి పట్టిన జబ్బు. దాని చరిత్ర కూడా ఈ నివాళిలో కొంత వస్తుంది, ఓపిక పట్టండి.

పోయింది సోఫాలో. కారులో కాదు. ఈ సంగతి ముందే తేల్చి చెప్పడానికి కారణం ఉంది. ఆవిడ స్టీరింగ్ ముట్టుకుంటే ప్రాణాలకే ముప్పని వాళ్ళాయన ఏళ్ళ తరబడి వాదించారు. న్యాయం న్యాయమే కదా.

డెబ్బైల చివర మేం డెట్రాయిట్ శివార్లలో, నోవై దగ్గర అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. మేం పైన, వాళ్ళు కింద. అందుకని ఆవిడ కిందింటి ఆంటీ, ఆయన కిందింటి అంకుల్. తర్వాత వాళ్ళు రెండంతస్తుల ఇల్లు కొనుక్కుని పై అంతస్తులో పడుకున్నా ఆ పేరు మారలేదు. అమ్మకి హాస్పిటల్లో డాక్టరు ట్రైనింగు, అదే రెసిడెన్సీ, నాన్నకి ఆఫీసు. స్కూలు వదిలితే నాకు దిక్కు ఆంటీయే. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ లోటు నేను తీరుస్తున్నానని నాకో గొప్ప నమ్మకం ఉండేది. "నిన్ను చూశాకే నాకు పిల్లల మీద ఆశ పోయిందే" అనేవారు ఆంటీ, నాకు రెండో దోసె వేస్తూ.

అంకుల్ కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీర్. ఆయన ఉద్యోగం, స్వభావం ఒకటే. ఆంటీ డ్రైవింగ్ నేర్చుకుంటానంటే చలికాలంలో "మంచు కరగనీ" అనేవారు. మంచు కరిగితే వానలు. వానలు తగ్గితే ఎండాకాలం ట్రాఫిక్. ఆ తర్వాత రోడ్ల మీద రాలిన ఆకులు, వాటి మీద టైర్లు జారతాయట. ఆకులయ్యాక మళ్ళీ మంచు. ఈ విధంగా భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండేది, ఆంటీ అక్కడే ఉండేవారు.

అక్కడ అంటే ఎక్కడో చెప్పాలి. వాళ్ళ పోర్షన్ సగం నేల లోపలికి ఉండేది. కిటికీ సరిగ్గా బయటి నేల ఎత్తులో ఉంటుంది. జనవరికల్లా మంచు అందులో సగం మూసేసేది. మిగిలిన సగంలోంచి దారిన పోయేవాళ్ళ మోకాళ్ళు కనిపించేవి. అమెరికాలో ఆంటీకి పరిచయమైన వాళ్ళంతా మోకాళ్ళే.

"అదుగో, ఎర్ర బూట్లావిడ. ఇవాళ ఆలస్యంగా బయల్దేరింది. మొగుడితో గొడవ పడుంటుంది."

"మోకాళ్ళు చూసి ఎలా చెప్తారు ఆంటీ?"

"ఆ అడుగులు చూడవే. ఎవర్నో తొక్కుతున్నట్టు లేవూ?"

పొద్దున్న అంకుల్ కారు తీసుకుని వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవారు. దగ్గర్లోని కొట్టుకి వెళ్ళాలన్నా పెద్ద రోడ్డు, దాని పక్కన నడవడానికి దారి లేదు. ఆంటీ ఇండియా నుంచి తెచ్చుకున్న వారపత్రికలు అట్టలు ఊడేదాకా చదివేవారు. చదివినవే నాకు చదివి వినిపించి, తర్వాత నా చేత చదివించేవారు. ఇవాళ నేను ఇలా తెలుగులో నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే, ఆ మంచు పుణ్యమే. ఒకసారి కథ మధ్యలో ఆపి, "తలుపు గడియ నా చేతిలోనే ఉందే. తీసుకుని ఎక్కడికెళ్ళను, చెప్పు?" అన్నారు. నేను మూడో క్లాసు. కథలో తర్వాతేమైందని అడిగాను.

ఆ ఏడాది మంచు కరిగాక, మా ఎలిమెంటరీ స్కూలుకీ అపార్ట్‌మెంట్లకీ మధ్యనున్న మైదానం బయటపడింది. అంతా బురద. ఆంటీ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మేజోళ్ళ మీద చెప్పులు వేసుకుని, ఆ బురదలో నడిచి నన్ను తీసుకెళ్ళడానికి రావడం మొదలుపెట్టారు. గంట కొట్టడానికి చాలా ముందే వచ్చి క్లాసు కిటికీ బయట నిలబడేవారు. లోపల్నుంచి మాకు తల మాత్రం కనిపించేది. మా టీచరు చూసి చూసి లోపలికి పిలిచింది. ఇంక ఆంటీని ఆపడం ఎవరి తరం? థర్మాకోల్ కప్పుల్లో మేం నాటిన చిక్కుడు గింజలకి నీళ్ళు పొయ్యడం, గోడకి కాగితం పువ్వులు అంటించడం, ముక్కులు తుడవడం. ఎవరి ముక్కైనా సరే. వచ్చీరాని ఇంగ్లీషుతో, పూర్తి అధికారంతో.

అంకుల్‌కి ఇది బాగానే నచ్చింది. "చూశావా, కాలక్షేపం దొరికింది. బండితో పనేముంది ఇంక?" అన్నారు. ఆంటీ ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యలేదు. ఆయన అడగలేదు కూడా. మొహమాటం ఆ వైపు కూడా ఉండేది.

మే నెలలో స్కూల్లో కార్నివాల్. తల్లిదండ్రులంతా తలో పని పంచుకోవాలి. ఆ పనులు పంచే తల్లి ఒకావిడ మా నాన్నకి ఫోన్ చేసింది. ఫోన్లో మా నాన్న ఎలా మాట్లాడతాడంటే, "యెస్, యెస్. ష్యూర్. నో ప్రాబ్లెమ్. మై ప్లెజర్." పెట్టేశాక అమ్మ అడిగింది, "ఏం ఒప్పుకున్నారు?"

"ఏదో ట్యాంకు. నీళ్ళ ట్యాంకు దగ్గర కూర్చోవాలట."

"కూర్చుని?"

"అది అడగలేదు. అడిగితే ఏమీ తెలియని వాళ్ళనుకోరూ?" కాసేపు ఆలోచించి తనే తేల్చాడు. "మన చలివేంద్రం లాంటిదేలే. ఎండకి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం. మంచి పనే."

అమ్మకి ఆ శనివారం డ్యూటీ. మంచి పని అనగానే ఆంటీ నేనూ వస్తానన్నారు. మంచి పట్టుచీర కట్టుకున్నారు. కాగితం కప్పుల్లో దాహం ఇవ్వడం మర్యాద కాదని తన స్టీలు గ్లాసులన్నీ సంచీలో వేసుకున్నారు. అంకుల్ మమ్మల్ని గేటు దగ్గర దింపి, పక్కవాళ్ళ తలుపు తగలని చోటు వెతుక్కుంటూ కారు తీసుకెళ్ళారు. అలాంటి చోటు ఎప్పుడూ అవతలి చివరే ఉంటుంది.

మైదానంలో హాట్‌డాగుల పొగ, ఇంకా తడి ఆరని గడ్డి, మే అయినా వణికించే గాలి. మధ్యలో మా చలివేంద్రం. పెద్ద తొట్టి నిండా నీళ్ళు. దాని మీద కమ్మీల బోను. బోనులో చిన్న పలక. ఆ పలక మీద మనిషి కూర్చోవాలి. పక్కనున్న గుండ్రటి గురికి బంతి తగిలితే పలక విరిగినట్టు కిందికి వాలుతుంది, మనిషి నీళ్ళలో పడతాడు. దానికి జనం టికెట్లు కొని మరీ వరస కడతారు.

మెడలో ఈల వేలాడుతున్న ఒకావిడ నవ్వుతూ వచ్చి, మీలో ఎవరు ఎక్కుతారని అడిగింది. నాన్న తన ఒకే ఒక్క సూటులో ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు. కుదరదు అనే మాట ఆయన నోటికి అలవాటు లేదు. "యెస్, యెస్" అంటూ ఒక అడుగు ముందుకి, రెండడుగులు వెనక్కి వేస్తున్నాడు.

"ఇందులో పడ్డమేనా, అన్నయ్యగారూ?" అన్నారు ఆంటీ.

"అలాగే ఉందమ్మా."

"లోతెంత?"

నేను అడిగి చెప్పాను. నడుం దాకా.

ఆంటీ గ్లాసుల సంచీ నాన్న చేతికిచ్చారు. చెప్పులు విడిచారు. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపి, నిచ్చెనెక్కి బోనులో కూర్చున్నారు. కమ్మీల మధ్య నుంచి అందర్నీ కలియజూశారు. ఆ ఎత్తున ఆవిడకి మోకాళ్ళు కాదు, మొహాలు కనిపించాయి. అంతమంది మొహాలు.

మొదటి కుర్రాడి బంతి ఎటో పోయింది.

"ఏరా, పొద్దున అన్నం తిన్లేదా?" అని అరిచారు ఆంటీ, తెలుగులో. జనం గొల్లుమన్నారు. అర్థమై కాదు, ఆ గొంతుకి. తర్వాత మా ప్రిన్సిపాల్. ఆయనదీ తప్పింది. "మాస్టారూ, ఆ చెయ్యి మీదేనా, అరువు తెచ్చుకున్నారా? ఏమే, చెప్పవే ఆయనకి!" నేను మర్యాదగా, మీ చెయ్యి బాగుందంటున్నారని చెప్పాను. వరస పెరిగింది. గాలికి బంతులు పక్కకి పోతున్నాయి. ఆంటీ పెదవులు నీలంగా మారుతున్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు.

అప్పుడొచ్చారు అంకుల్.

"ఏమిటిది? దిగు. ఇంటికి పోదాం."

"బంతి తగలాలండీ. తగిలితేనే దిగేది."

ఈలావిడ అంకుల్ చేతిలో బంతులు పెట్టింది. చుట్టూ జనం "త్రో! త్రో!" అంటున్నారు. ఆయనా మనవాడే, కాదనలేడు. కాలేజీలో క్రికెట్ ఆడిన మనిషి. విసిరారు. గురికి బారెడు దూరం. మళ్ళీ విసిరారు. ఇంకా దూరం.

"కావాలని పక్కకి వేస్తున్నారు" అన్నారు ఆంటీ.

"నలుగురిలో నిన్ను నీళ్ళలో పడేయమంటావా?"

"చలికాలమంతా నాలుగ్గోడల మధ్య పడేశారుగా. అప్పుడు ఈ నలుగురూ లేరనా?"

నాన్న గ్లాసుల సంచీలోకి చూస్తూ నిలబడ్డాడు. టీచరు వంగి నన్నడిగింది, ఏమంటున్నారని. మోచెయ్యి వంచకుండా వెయ్యమంటున్నారని చెప్పాను.

"ఇక్కడ ఎవరికీ అర్థం కాదు కాబట్టి అడుగుతున్నా. బండి నేర్పిస్తారా, లేదా?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో అడిగితే టీవీ సౌండు పెంచుతారు."

అంకుల్ బంతి వంక చూసుకున్నారు. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు నేను. "నేను రోజూ ఆఫీసులో చూసేదేమిటో తెలుసా? గుద్దుకున్న బళ్ళు. ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి దాంట్లో ముందు సీటు చూస్తాను. నువ్వే కనిపిస్తావు."

ఆంటీ కమ్మీ పట్టుకుని వణుకుతున్నారు.

"అందుకని నన్ను పెట్టెలో దాస్తారా?" అన్నారు చివరికి. తిట్టినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

జనం "త్రో" అంటూనే ఉన్నారు. అంకుల్ విసరలేదు. బంతి జేబులో వేసుకుని, గురి దగ్గరికి నడిచి వెళ్ళారు. "వచ్చే శనివారం. ఇక్కడే, ఈ స్కూలు పార్కింగ్‌లో" అన్నారు. అరచేత్తో గురిని నొక్కారు.

పట్టుచీరతో సహా పడ్డారు ఆంటీ. నీళ్ళు మా మీద దాకా ఎగిరాయి. పైకి లేచి, ముఖం మీది జుట్టు తోసుకుని, ముందు ఆయన కోసం చూశారు. అంకుల్ అప్పటికే కోటు విప్పి పట్టుకుని నిలబడ్డారు. ఈ గొడవలో మా నాన్న ఏం చేశాడంటే, నిమ్మరసం అమ్మే బల్ల దగ్గరికి వెళ్ళి స్టీలు గ్లాసుల్లో పోయించుకొచ్చి, వరసలో ఉన్నవాళ్ళందరికీ పంచాడు. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు. కొన్ని గ్లాసులు తిరిగి రాలేదు. అడగడానికి మొహమాటం వేసింది.

అన్న మాట ప్రకారం శనివారం అంకుల్ తీసుకొచ్చారు. వెనక సీట్లో నేను. ఆంటీ రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, నడిచే మనిషి కంటే నెమ్మదిగా పార్కింగ్ చుట్టూ తిప్పుతుంటే, పక్క సీట్లో అంకుల్ కుడికాలు, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూ ఉండేది. వేసవి సెలవులొచ్చేసరికి లైసెన్స్ వచ్చింది. స్కూలు మళ్ళీ తెరిచాక, ఆవిడకని కొన్న పాత కారులో, వానొచ్చినా మంచొచ్చినా నన్ను దింపేది ఆంటీయే. తర్వాత్తర్వాత ఇండియా నుంచి కొత్తగా కాపురానికొచ్చే అమ్మాయిల్ని అదే పార్కింగ్‌కి తీసుకెళ్ళి నేర్పించారు. "భయపడు, ఏం ఫరవాలేదు. కాలు మాత్రం వణకనివ్వకు" అనేవారు. ఈ పత్రిక చదువుతున్నవాళ్ళలో ఆ మాట విన్నవాళ్ళు కొందరైనా ఉంటారు. అంకుల్ చూపు తగ్గాక ఆయన్ని ఆఫీసుకి దింపింది, తెచ్చింది కూడా ఆవిడే. బ్రేకుల ఇంజనీరుగారు ఏళ్ళ తరబడి పక్క సీట్లోనే ప్రయాణం చేశారు.

అంత్యక్రియల రోజు సన్నగా వాన. అన్నీ అయ్యాక అందరం బయటికొచ్చాం. ఇంటికి నడపమని నాన్న ఆంటీ కారు తాళాలు నాకిచ్చాడు. నేను వెళ్ళేసరికి అంకుల్ అప్పటికే కారు దగ్గరున్నారు, అలవాటైన వైపున. ఆ కారులో డ్రైవర్ ముందెక్కి, వంగి, లోపల్నుంచి ఆ తలుపు గడియ లాగాలి. ఆయన పిడి మీద చెయ్యి వేసి, కొంచెం వంగి, అద్దంలోంచి ఖాళీ సీటు వంక చూస్తూ, గడియ లేచే చప్పుడు కోసం నిలబడ్డారు. వాన ఆయన భుజాల మీద పడుతోంది. తాళాలు నా గుప్పిట్లోనే ఉన్నాయి.