నాలుగు వందల ఏళ్ళ ఎంగిలి

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళో నేను పనిచేసే చిన్న మ్యూజియంలో ఒక డచ్ వైన్ గ్లాసు ఉంది. నాలుగు వందల ఏళ్ళ నాటిది. అడుగున పాదం ఉండాల్సిన చోట బుల్లి వెండి గాలిమర ఉంటుంది. పక్కనున్న గొట్టంలో ఊదితే రెక్కలు తిరుగుతాయి, అవి ఆగేలోపు తాగేయాలి. ఖాళీ అయ్యేదాకా కింద పెట్టడానికి లేదు. పనీపాటా లేనివాళ్ళెవరో కనిపెట్టిన వస్తువని నా అభిప్రాయం.

నా పని పాత పత్రికల ఫోటోలు సర్దడం. వాటిలో ఒక పెద్దమనిషి బుగ్గలు పూరించి అదే గ్లాసును ఊదుతున్న ఫోటో దొరికింది. మా క్యూరేటర్ పొంగిపోయి రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రదర్శన పెట్టాడు. "జనం వస్తే నీ కాంట్రాక్ట్ పొడిగిస్తారు. రాకపోతే నా చేతుల్లో లేదు" అన్నాడు. నెలాఖరుతో నా ఉద్యోగం ఆఖరు.

ప్రారంభానికి లోకల్ పేపర్ ఫోటోగ్రాఫర్ వచ్చాడు. అక్కడ పట్టుచీర కట్టింది, నన్ను చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ ఒక్కతే. ఇక వదులుతాడా! పాత ఫోటోలోలాగే ఆవిడ గ్లాసు పట్టుకోవాలన్నాడు. క్యూరేటర్ అమ్మకి తెల్లటి గ్లౌజులు తొడిగించి, పసిబిడ్డని అందించినట్టు అందించాడు. మూతి దగ్గర పెట్టుకున్నట్టు నటిస్తే చాలన్నాడు.

నేను తెలుగులో చెప్పగానే అమ్మ మొహం మాడ్చుకుంది.

"నాలుగొందల ఏళ్ళ నుంచి ఎవరెవరు తాగారో! ఆ ఎంగిలి నా మూతి దగ్గర పెట్టుకోమంటాడేంటే ఈయన?"

"ఊరికే ఫోటోకమ్మా! నా జాబ్ పోతుంది!"

ఆ మాటకి మెత్తబడింది. "సర్లే. ఉత్త గ్లాసుతో ఫోటో ఏం బావుంటుంది?" అని, నేను వద్దనేలోపే తన సీసాలోంచి నీళ్ళు పోసేసింది. "నువ్వూదు. నీకెలాగూ పట్టింపుల్లేవుగా."

ఎందుకు ఊదానో ఇప్పటికీ తెలీదు. అమ్మ ఊదమంది, ఊదాను. రెక్కలు గిర్రున తిరిగాయి. అమ్మ తల వెనక్కి వాల్చి, గ్లాసు జానెడెత్తున వంచి, మూతికి తగలకుండా గటగటా తాగేసింది. క్యాచ్ కోసం కాచుకున్నవాడిలా క్యూరేటర్ దోసిలి పట్టి కింద వంగాడు. రెక్కలు ఆగకముందే అమ్మ దాన్ని వంటింట్లో గ్లాసులాగే బల్ల మీద బోర్లించింది. గాలిమర నిటారుగా నిలబడింది.

మర్నాడు ఫోటో మొదటి పేజీలో పడింది. బుగ్గలు పూరించుకుని నేను, దోసిలితో ఆయన, మధ్యలో పైకి నోరు తెరిచిన అమ్మ. పరువెలాగూ పోయింది, ఇక పోవాల్సింది ఉద్యోగమే అనుకుంటూ వెళ్తే మ్యూజియం ముందు జనం బారులు తీరి ఉన్నారు. అయినా నా కాంట్రాక్ట్ సంగతి తేలలేదు. నెలాఖరున క్యూరేటర్ తన గదిలోకి రమ్మన్నాడు. తలుపు తోసుకుని వెళ్ళాను.

ఆయన చొక్కా కాలర్ నుంచి నడుం దాకా తడిసి ముద్దయింది. బల్ల మీద సగం ఖాళీ అయిన నీళ్ళ సీసా. పొలమారి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే కాంట్రాక్ట్ కాగితం నా చేతికిచ్చాడు. అదీ తడిసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"మీ అమ్మగారు ఇంకా ఎన్నాళ్ళుంటారు?" అన్నాడు దగ్గుతూ.

"ఇంకో నెల."

"నేర్చుకోవడానికి సరిపోతుందా?"