ఆ అమ్మాయి పాట మధ్యలో

మా ఊరు నేపర్‌విల్‌లో ఎవరింట్లో కలిసినా మా నాష్‌విల్ ప్రయాణం కథ ఒకసారి బయటికి వస్తుంది. అందులో నేను వీరనారిని. పాటల హోటల్లో ఒక తెల్లాయన మన తెలుగు విని ఓర్వలేక నోరు మూసుకోమన్నాడట, నేను ఆయన్ని కడిగి పారేశానట. చెప్పేది ఆ రోజు నా పక్కన కూర్చున్న ఇద్దరు స్నేహితురాళ్లే కాబట్టి అందరూ నమ్ముతారు. ఆ కథ తప్పు. ఆయన నోరు మూసుకోమనలేదు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు, అదీ రెండోసారి. మొదటిసారి మా వైపు చూసి నవ్వాడంతే.

ఆ మధ్యాహ్నమంతా పాటలకి పేరుపడ్డ నాష్‌విల్ డౌన్‌టౌన్‌లో తిరిగాం. ప్రతి బార్ తలుపూ తెరిచే ఉంటుంది, ప్రతి తలుపులోంచీ ఒక బ్యాండు మోత రోడ్డు మీద పడుతుంటుంది. బూట్ల షాపులో కౌబాయ్ టోపీలు పెట్టుకుని ఫోటోలు దిగి, ఏమీ కొనకుండా బయటపడ్డాం. పెళ్లి కాబోయే పిల్లలు స్నేహితురాళ్లతో పదిమంది కలిసి తొక్కే పెడల్ బండ్లెక్కి కేకలు పెడుతుంటే మేమూ కేకలు పెట్టాం. అక్కడ అరిస్తే తప్ప మాట వినపడదు. అలా అరుచుకుంటూనే ఆ ఊరి కారం కోడి వేపుడు, హాట్ చికెన్ తిన్నాం. ముక్కూ కళ్లూ కారిపోతున్నా కారమని ముగ్గురిలో ఒక్కరమూ ఒప్పుకోలేదు.

సాయంత్రం ఆరింటికి, ఆ బార్ల వీధికి దూరంగా, పాటలు రాసేవాళ్లు తమ పాటలు తామే పాడుకునే చోటికి వెళ్లాం. బుక్ చేసింది నేనే. నలుగురు గిటార్లు పట్టుకుని గుండ్రంగా కూర్చుంటారు, ఒకరి తర్వాత ఒకరు పాడతారు. పాట జరుగుతుండగా మాట్లాడవద్దని టేబుల్ మీద చిన్న కార్డు ఉంది. చూడలేదని చెప్పుకోవచ్చు. చూశాను. చదివాను. చదివి, దాని మీద హ్యాండ్‌బ్యాగ్ పెట్టాను.

మూడోగా పాడే వంతు ఒక అమ్మాయిది, ఇరవై ఏళ్లు కూడా ఉంటాయో లేదో. ఈ పాట ఇంతవరకూ ఎవరి ముందూ పాడలేదని, గొంతు వణికితే ఏమీ అనుకోవద్దని చెప్పి మొదలుపెట్టింది. తనతో మాట్లాడటం మానేసిన అక్క గురించిన పాట. మా టేబుల్ దగ్గర మాత్రం ఇంకా చికెన్ కబురే నడుస్తోంది.

"గదేం కారం అక్కా, ఉత్త ఉప్పు," అంది హైదరాబాద్ స్నేహితురాలు.

"ఉప్పుకేనా మరి అంత ఏడ్చావు?" అన్నాను.

"నువ్వు తక్కువనా? నా గ్లాసుల నీళ్లు గూడ నువ్వే తాగినవ్ గదా!"

"మెల్లగా తల్లీ, మెల్లగా," అంది రెండో ఆవిడ. అంటూనే కిసుక్కున నవ్వింది.

పక్క టేబుల్ ఆయన నవ్వింది అప్పుడే. మేం ఆపలేదు. తర్వాత వేలు పెట్టుకున్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మేం ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటుంటే మీకింత ఇబ్బంది ఉండేది కాదేమో?" అని ఆయన్ని ఇంగ్లిష్‌లోనే, గదంతా వినేట్టు అడిగాను.

గిటార్ ఆగిపోయింది. ఆయన మొహం కందిపోయింది. "అది కాదండీ. ఆ పాడేది మా అమ్మాయి," అన్నాడు, నాకు మాత్రమే వినపడేంత గొంతుతో.

ఆ పిల్ల మైకులో, "ఫరవాలేదు, ఎలాగూ తర్వాతి లైను గుర్తురావడం లేదు," అని నవ్వబోయి, పక్కనున్నతనికి తల ఊపి తన వంతు వదిలేసింది.

అప్పుడైనా సారీ చెప్పి ఉండొచ్చు. "లేవండర్రా, ఇక్కడ మనకి మర్యాద లేదు," అని బ్యాగ్ అందుకున్నాను. బయటికి రాగానే, "ఇచ్చిపడేసినవ్ అక్కా!" అని హైదరాబాద్ ఆవిడ నన్ను వాటేసుకుంది. నాకు బాగుంది. ఆ సంగతి దాచిపెడితే ఇదంతా రాయడం దండగ. నాకు చాలా బాగుంది.

చాలా ఏళ్ల క్రితం ఆఫీసు మీటింగ్‌లో ఒకడు నా యాసని అనుకరిస్తే, అందరితో కలిసి నేనూ నవ్వాను. వాడిని అనాల్సిన మాట ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని, చివరికి కూతురి పాట వింటున్న మనిషి మీద పడేశాను.

"ఆయన మనసులో ఏముందో నీకేం తెలుసు?" అని, ఇంటికొచ్చి అంతా చెప్పాక, మా ఆయన నన్ను ఓదార్చబోయాడు. నాకు తెలుసు. మన తెలుగు అసోసియేషన్ ఫంక్షన్లలో పరాయి పిల్లలు పాడుతున్నంతసేపూ వెనక వరసల్లో చీరల గురించీ బ్లౌజుల గురించీ మాట్లాడుకుని, మన పిల్ల వంతు రాగానే ఫోన్ పైకెత్తేవాళ్లలో నేనూ ఉన్నాను. మా అమ్మాయి పాడుతుంటే గుసగుసలాడినవాళ్లని వెనక్కి తిరిగి కాల్చేసేలా చూసిందీ నేనే. ఆ తండ్రి పాపం నవ్వాడు.

పోయిన నెల, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో మళ్లీ ఆ కథ చెప్పారు. "ఆంటీ, యూ ఆర్ సో బ్రేవ్!" అంది ఆ స్నేహితురాళ్లలో ఒకరి అమ్మాయి, పదహారేళ్ల పిల్ల. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ నోట్లో గారె పెట్టుకున్నాను.

అలాంటి చోట వంతు ఒక్కసారితో అయిపోదని, తిరిగి తిరిగి వస్తూనే ఉంటుందని తర్వాత తెలిసింది. మేం బయట నిలబడి నవ్వుకుంటున్నప్పుడు లోపల ఆమె వంతు మళ్లీ వచ్చే ఉంటుంది. అప్పుడా అమ్మాయి ఆ పాటనే మొదటి నుంచి ఎత్తుకుందా, లేక ఇంకేదో పాడేసి ఇంటికి వెళ్లిపోయిందా?