తడిసిన పేజీల ఎడిటర్

నిన్న పొద్దున మా ముదీర్, అదే మా బాస్, ఫోన్ చేశారు. శుక్రవారం ఆయన ఎవరికీ ఫోన్ చేయరు.

“గౌస్ నహీ రహా” అన్నారు.

“ఏ గౌస్ సార్?” అని అడిగాను. మా ఆఫీసులో ఉన్నది ఒక్క గౌసే.

గురువారం సాయంత్రమే ప్రెస్ నుంచి కొత్త ఇష్యూ వచ్చింది. గౌస్ భాయ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకు వాసన చూసి, “బో ఉండాది పాపా” అన్నారు. తెల్లారేసరికి గుండెపోటు. సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత ఇక్కడే ఖననం చేశారు.

ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను. కానీ గౌస్ భాయ్ గురించి మొదలుపెడితే ఏడుపు నిలవదు. ఉత్సాహం వచ్చేస్తుంది. ఏం చేయను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. భాయ్‌ది నెల్లూరు. కాపురం ఇక్కడ దుబాయ్‌లో, కుసైస్‌లో. ఉద్యోగం, స్కీ మ్యాగజైన్ ఎడిటర్.

అవును, దుబాయ్‌లో స్కీ మ్యాగజైన్.

మాల్ లోపల మంచు కొండ కట్టగానే, అక్కడికి వచ్చేవాళ్లకి ఫ్రీగా పంచేలా మా ముదీర్ ఈ పత్రిక పెట్టారు. యాడ్స్ మీదే నడవాలి. ఎడిటర్‌గా భాయ్, సబ్ ఎడిటర్‌గా నేను. అప్పటిదాకా ఇద్దరం మంచు చూసింది ఫ్రిజ్‌లోనే.

మా ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేను. అమ్మ అబుదాబిలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. చదవడం రాదు. కానీ మ్యాగజైన్‌లో నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది.

మొదటి ఇష్యూలో మేం ఏం రాశామో తెలుసా? మంచు చరియలు విరిగిపడితే ప్రాణాలు ఎలా కాపాడుకోవాలి అని. పేజీలకి పేజీలు. మాల్ లోపల ఉన్నవాళ్లకి.

అది పంచిన శుక్రవారం భాయ్ నన్ను బూట్లు విప్పుకునే బెంచీల దగ్గరికి తీసుకెళ్లారు. జనం వదిలేసి వెళ్లిన కాపీలన్నీ ఏరారు. మంచులోంచి వచ్చిన చేతులు తడిగా ఉంటాయి కదా. చదివిన పేజీ ముడతలు పడి ఉబ్బుతుంది. చదవని పేజీ కొత్తగా ఉంటుంది.

మంచు చరియల పేజీలు పొడిగా ఉన్నాయి. ఒక మూల చిన్న బాక్సులో “రెండు జతల సాక్సులు వేసుకోండి” అని రాశాం. అది అప్పడంలా ఉబ్బింది.

“చూసినావా, మన ఎడిటర్ ఈడుండాడు” అని ఆ పేజీ నాకిచ్చారు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం అదే పని. తడిసిన పేజీలు ఆఫీసులో తాడు మీద ఆరేసేవారు. ముదీర్ లోపలికి వస్తూ “యే ధోబీ ఘాట్ హై క్యా?” అనేవారు.

ఇక గ్లవ్స్ సంగతి.

టికెట్‌తో జాకెట్, బూట్లు ఇస్తారు. గ్లవ్స్ మనమే కొనుక్కోవాలి. అందరూ కొనేది పక్క షాపులోనే. మా బ్యాక్ కవర్ యాడ్ కూడా ఆ షాపుదే. పత్రిక బతికేది ఆ యాడ్ మీదే.

నేను ఆ గ్లవ్స్ వేసుకుని మంచులో ఆడి, కాసేపటికే లోపల తడిసిపోయాయని రాశాను. ముదీర్ చూసి, అది తీసేయకపోతే యాడ్ పోతుంది, యాడ్ పోతే పత్రిక ఖలాస్ అన్నారు.

పత్రిక పోతే ఇద్దరి వీసాలూ పోతాయి. భాయ్ పిల్లలు ఇక్కడే స్కూల్లో ఉన్నారు.

“తీసేద్దాం భాయ్” అన్నాను.

“తీసేస్తే ఆ పేజీ ఎండిపోద్ది పాపా. ఎండిన పుస్తకంలో యాడ్ ఎవుడు చూస్తాడు?”

తాడు మీది పేజీలన్నీ సంచిలో వేసుకుని షాపుకి బయలుదేరారు. నేనూ వెళ్లాను. మేనేజర్‌ది హైదరాబాద్.

“ఏం గౌస్ భాయ్, పైసలు నేనియ్యాలె, నా సామాన్‌ని మీరు తిట్టాలెనా?”

“తిట్టలేదబ్బయా. తడిసిందని రాసింది. తడవదని నువ్వు రాసియ్యి, నీ పేరుతో ఏస్తా. పక్కపక్కనే.”

మేనేజర్ గ్లవ్స్ వైపు చూశారు. తడిసిన పేజీల వైపు చూశారు. రాయలేదు. యాడ్ కూడా ఇవ్వలేదు.

గ్లవ్స్ పేజీ అలాగే ఉంది, బ్యాక్ కవర్ ఖాళీ. ప్రెస్‌కి పంపాల్సిన రోజు వచ్చేసింది.

“యల్లా, కెమెరా తీ” అన్నారు భాయ్. మంకీ క్యాప్ పెట్టుకుని కొండ ఎక్కారు. పడ్డారు. లేచారు. మళ్లీ పడ్డారు. “తీస్తన్నావా, నవ్వతన్నావా?” అని కిందనుంచి అరుపు. మొదటిసారి పడ్డవాళ్లు ఎలా లేవాలో చూపిస్తూ, ఆ ఫోటోలన్నీ వరసగా బ్యాక్ కవర్ నిండా వేశాం.

ఆ ఇష్యూ పంచిన శుక్రవారం బెంచీల మీద ఒక్క కాపీ లేదు.

భాయ్ ముఖం మాడిపోయింది. పంచలేదేమో అనుకున్నారు. కౌంటర్‌లో అడిగితే, ఎప్పుడో అయిపోయాయి, జనం ఇంటికి తీసుకెళ్తున్నారు అన్నారు. బూట్లు విప్పుకునే బెంచీ మీదే ధబ్బున కూర్చుని, మంకీ క్యాప్ తీసి ముఖం తుడుచుకున్నారు.

తర్వాతి వారం ఎదురుగా ఉన్న చాయ్ షాపువాళ్లు తామే వచ్చి బ్యాక్ కవర్ అడిగారు. పత్రిక నిలబడింది.

“సగం మీది, సగం చదివేవాళ్లది” అన్నారు భాయ్. వాళ్లు ఒప్పుకున్నారు. నేటికీ అంతే.

ఇవాళ కొత్త ఇష్యూ పంచారు. పేజీలన్నీ మీరు చూసినవే భాయ్. సాయంత్రం మీ సంచి పట్టుకుని బెంచీల దగ్గరికి వెళ్లాను. అన్నీ వెతికాను. కిందకి వంగి కూడా చూశాను.

ఖాళీ సంచితోనే వచ్చాను భాయ్. ఒక్కరూ వదిలేసి వెళ్లలేదు.

వెళ్లి రండి. మంకీ క్యాప్ అక్కర్లేని చల్లని చోట అల్లా మీకు హాయిగా విశ్రాంతినివ్వాలి.