రెండు కొమ్ముల ఎద్దు

మన్నును మనిషిగా మలిచి, ఆ మనిషి చేతికి మళ్లీ మన్నునే ఇచ్చి ఆడుకోమన్న సృష్టికర్తకు ముందుగా స్తోత్రం. నిన్న మా చిన్నది బడి నుంచి వచ్చి నా చీరకొంగుకు చేతులు తుడుచుకుంది. ఆ తడి బంకమన్ను వాసనకు కోపం రావలసింది పోయి, జమ్మలమడుగులో పెన్న ఒడ్డున వేపచెట్ల మధ్య ఉండిన బొమ్మల మ్యూజియం నా కళ్లముందు నిలిచింది.

వేసవి సెలవుల్లో అక్కడ పిల్లలకూ ఇంటి పెద్దలకూ కలిపి మట్టిబొమ్మల తరగతి పెట్టేవారు. నా నాలుగో తరగతి అయిపోయిన ఏడు, ప్రొద్దుటూరులోని మా చర్చి సంఘం పిల్లలమంతా చిత్రాన్నం డబ్బాలు, వేయించిన చెనిక్కాయల సంచి, మజ్జిగ క్యాన్లతో బస్సెక్కి, కిటికీల్లోంచి వడగాలి మొహాన కొడుతున్నా కీర్తనలు ఆపకుండా పాడుకుంటూ వెళ్లాం. లోపల గోడల నిండా పటాలు, బయట రాలిన వేపపండ్ల తియ్యటి వాసన, కొమ్మల నిండా ఉడుతలు. ఉడుతల్ని చూసినంత శ్రద్ధగా పటాల్ని మేమెవరమూ చూడలేదు.

మాకు కాపలాగా వచ్చింది మా జేజి, నాయన తల్లి. స్త్రీల ప్రార్థన కూటానికి ఆమే పెద్ద. చదువు రాదు గానీ పది ఆజ్ఞలూ నోటికే. మట్టి పని నేర్పే సారు ముద్దలు పంచి, ఇష్టమైన జంతువును చేయమనగానే ఆమెకు విగ్రహాలు చేసి మొక్కకూడదన్న ఆజ్ఞ గుర్తొచ్చింది. మన్ను వెనక్కిచ్చేయమంటే పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. జేజి కాసేపు కళ్లు మూసుకుని ప్రార్థించి తీర్పు చెప్పింది.

"చేసుకోండి. అయితే నిండుగా చెయ్యాకండి. ఏదో ఒగటి తక్కువ పెట్టండి. కొదవుండే దానికి ఎవురూ మొక్కరు."

మధ్యాహ్నానికి చెవుల్లేని కుందేలు, తోకలేని కుక్క, మజ్జిగ క్యానుకు ఆనుకుని నిలబడిన మూడుకాళ్ల మేక బల్లమీద బారులు తీరాయి. సారు వాటిని చాలాసేపు చూసి, "మీ ఊర్లో పశువుల డాక్టరు లేడామ్మా?" అని జేజిని అడిగాడు.

నేను ఎద్దును చేశాను. ఒంటికొమ్ముతో అది ఎంత దీనంగా చూసిందంటే, జేజి మజ్జిగ పోస్తుండగా రెండోదీ అతికించేశాను. సారు ఆ ఎద్దునే మెచ్చి, లోపల పిల్లల కోసం ఉంచిన కింది అరలో నా పేరు చీటీతో పెట్టాడు.

ఆ తరువాత నాకు అన్నం సయించలేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి, సంఘమంతటి ముందు, "నేను ఎద్దుకు రెండు కొమ్ములూ పెట్టినాను" అని ఒప్పుకున్నాను. పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జేజి మాత్రం నవ్వలేదు.

"రేపు పోదాం పా. ఎవురన్నా దానికి మొక్కితే ఆ కొమ్ము నేనే ఇరుస్తా."

మర్నాడు అర పక్కనే స్టూలు వేయించుకుని కూర్చుంది. వచ్చినవాళ్లంతా పటాలు చూసి పోతున్నారు. నేను ఒకసారి కొమ్మును, ఒకసారి జేజి వేళ్లను చూస్తూ నిలబడ్డాను. చివరికి ఒక పంచెకట్టు రైతు వచ్చి, సరిగ్గా నా ఎద్దు ముందే నడుం వంచాడు.

"లెయ్యప్పా! మొక్కాకు! అది మా పాప చేసిందిలే!" జేజి చెయ్యి అప్పటికే కొమ్ము దాకా వెళ్లింది.

ఆయన అదిరిపడ్డాడు. "మొక్కలేదవ్వా. చీటీ సదువుకుంటాండా."

"ఏమని రాసుండాది?"

"రూతు, ప్రొద్దుటూరు అని."

జేజి చెయ్యి అక్కడే ఆగింది. "ఇంగోసారి సదువప్పా."

చదివాడు.

"నిదానంగా సదువు."

మూడోసారి చదివి, "శానా బాగుండాదవ్వా. మా సింహాద్రిపురం ఎద్దు మాదిరే చూస్తాంది" అన్నాడు.

జేజి చెయ్యి వెనక్కి తీసుకుని, నేలమీద మోకరించింది. "పాపా, నాకు గర్వమొచ్చింది. బిరీన ప్రార్థన చెయ్."

చేశాను. ఆమెన్ అనేదాకా ఆమె ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఎద్దునే చూస్తూ ఉంది.

ఇప్పుడు మ్యూజియం లేదు. వేపచెట్లు కొట్టేసి ప్లాట్లకు రాళ్లు నాటారు. ఎద్దు ఏమైందో తెలియదు. జేజి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. బడి వార్షికోత్సవంలో మా చిన్నదాని పేరు పిలిస్తే, సరిగా వినిపించలేదని అబద్ధమాడి ఇంకోసారి పిలిపించుకున్నాను. ఈ గర్వాన్ని ప్రభువు క్షమించాలని, అయితే మొత్తంగా తీసేయవద్దని, మీరూ నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి.